చనిపోయి ఎంతసేపైంది? శరీరం చెప్పే టైమ్‌ని ఎంతవరకు నమ్మాలి?

ఇవాళ టాపిక్ కొంచెం బరువైనది. అన్నం తింటూ ఫోన్ చూసే అలవాటున్నవాళ్లు ముందు తినేసి రండి. నేను ఫొటోలేమీ చూపించను, భయపెట్టే మ్యూజిక్కూ పెట్టను. మాటలే. అయినా మాటలు కూడా కొందరికి ఇబ్బందిగా ఉండొచ్చు, అందుకే ముందే చెప్పేస్తున్నా.

నేను అమీర్‌పేట్‌లో కోచింగ్ తీసుకునే రోజుల్లో పంజాగుట్ట వైపు ఒక గల్లీలో ముగ్గురం కలిసి రూమ్ తీసుకున్నాం. మైత్రివనం నుంచి నడిస్తే ఇరవై నిమిషాలు. మా బిల్డింగ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒక్కరే ఉండేవారు. భార్య పోయారు, కొడుకు అమెరికాలో. మమ్మల్ని ఎప్పుడు చూసినా "ఏం నాయనా, జాబ్ వచ్చిందా?" అనేవారు. ఆ ప్రశ్న తప్పించుకోవడానికి మేము మెట్ల దగ్గర సైలెంట్‌గా నడిచేవాళ్లం. నిజం చెప్తున్నా.

అది మే నెల. మంగళవారం పొద్దున పాలబ్బాయి తలుపు కొడుతున్నాడు. గడియకి తగిలించిన సంచిలో ఆదివారం ప్యాకెట్, సోమవారం ప్యాకెట్ అలాగే ఉన్నాయి, చేతిలో మూడోది. సోమవారం రాత్రే మాకు వాసన వచ్చింది. ఎలుక చచ్చిందేమో అనుకుని కిటికీ మూసుకుని పడుకున్నాం.

తలుపు పగలగొట్టారు. పోలీసులు వచ్చారు. చుట్టుపక్కలవాళ్లు కనీసం ఇద్దరు సంతకం పెట్టాలి కదా పంచనామాకి, అందులో నేనొకడిని. అప్పట్లో అది సీఆర్పీసీ 174వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194. నంబర్ మారింది కానీ పని అదే. ఎవరైనా అనుమానాస్పదంగానో, ఎవరూ చూడకుండానో చనిపోతే శరీరం ఎలా ఉంది, చుట్టూ ఏముంది అని స్థానికుల ముందు రాసుకోవడం.

ఎస్సై నన్ను అడిగాడు: "తమ్మీ, సార్‌ని లాస్ట్ ఎప్పుడు చూసినవ్?"

శుక్రవారమా, శనివారమా? నోరు తెరిచాను, మాట రాలేదు. రోజూ చూసే మనిషిని చివరిసారి ఎప్పుడు చూశామో చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మీ పక్క రూమ్ వాళ్లని మీరు చివరిగా ఎప్పుడు చూశారో ఇప్పుడు గుర్తు చేసుకోండి, అర్థమవుతుంది.

ఆ మధ్యాహ్నం ప్రభుత్వాసుపత్రిలో పోస్టుమార్టం అయింది. గుండెపోటు, అనుమానించడానికేమీ లేదు. కానీ టైమ్ దగ్గర డాక్టర్ రాసింది "36 నుంచి 72 గంటల ముందు" అని. మధ్యాహ్నం మూడింటి నుంచి వెనక్కి లెక్కేయండి. శనివారం మధ్యాహ్నం మూడు నుంచి సోమవారం తెల్లవారుజామున మూడు వరకు. మూడు తేదీలు! అప్పుడు నాకు కోపం వచ్చింది. సీరియళ్లలో అయితే డాక్టర్ అలా చూసి "రాత్రి పదకొండు, పదకొండున్నర మధ్య" అంటాడు కదా, ఇదేంటి ముప్పై ఆరు గంటల గ్యాప్ అని. తర్వాత దీని గురించి చదివాను. చదివాక ఆ డాక్టర్ మీద గౌరవం పెరిగింది. ఎందుకో ఇవాళ చెప్తాను.

మొదట శరీరంలో ఏం జరుగుతుందో చూద్దాం. చనిపోయిన వెంటనే మూడు గడియారాలు మొదలవుతాయి. ఒకటి చల్లబడటం, రెండోది రక్తం కిందికి దిగడం, మూడోది బిగుసుకోవడం.

చల్లబడటం సంగతి. పాత పుస్తకాల్లో గ్లైస్టర్ ఫార్ములా అని ఉంటుంది. 98.4 ఫారెన్‌హీట్ లోంచి శరీరం లోపలి ఉష్ణోగ్రత తీసేసి 1.5తో భాగించడమే. లోపల 92.4 ఉంటే తేడా 6, భాగిస్తే నాలుగు గంటలు. సింపుల్. ఇప్పుడు దీన్ని అమీర్‌పేట్ హాస్టల్ పై అంతస్తులో, రేకుల రూమ్‌లో, మే నెల మధ్యాహ్నం వాడండి. రూమ్ టెంపరేచర్ 40 డిగ్రీల సెల్సియస్, మనిషి శరీరం 37. చల్లబడటం కాదు కదా, శరీరం ఇంకా వేడెక్కుతుంది! ఫార్ములా ప్రకారం ఆ మనిషి ఇంకా చనిపోనే లేదు. చల్లటి దేశంలో తయారైన లెక్క మన ఎండలో ఇలా నవ్వులపాలవుతుంది.

తర్వాత జర్మనీలో హెన్స్గే అనే ఆయన దీన్ని బాగా మెరుగుపరిచాడు. గది ఉష్ణోగ్రత, మనిషి బరువు, ఒంటిమీద బట్టలు, గాలి, తడి అన్నీ లెక్కలోకి తీసుకుని ఒక చార్ట్ గీశాడు. ఆ చార్ట్‌లో అన్నీ కలిసొచ్చినా కూడా అటు 2.8 గంటలు, ఇటు 2.8 గంటలు తేడా ఉంటుందని ఆయనే రాసుకున్నాడు. గుర్తుపెట్టుకోండి, బెస్ట్ కేస్‌లోనే దాదాపు ఐదున్నర గంటల కిటికీ. పైగా గది, శరీరం ఒకే ఉష్ణోగ్రతకి వచ్చేశాక ఈ గడియారం ఆగిపోయినట్టే.

రెండోది, గుండె ఆగాక రక్తం కింది భాగానికి దిగి చర్మం మీద ఊదారంగు మరకల్లా కనిపించడం. కొన్ని గంటలు పోతే ఆ మరకలు స్థిరపడిపోతాయి. దీనివల్ల టైమ్ కంటే ఇంకో విషయం బాగా తెలుస్తుంది. మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు, మరకలేమో ఛాతీ మీద ఉన్నాయి అంటే ఎవరో తర్వాత తిప్పారన్నమాట.

మూడోది బిగుసుకోవడం. కండరాలు వదులవ్వాలంటే కూడా ఏటీపీ అనే ఇంధనం కావాలి. చనిపోయాక అది అయిపోతుంది, కండరాలు ఎక్కడివక్కడ లాక్ అయిపోతాయి. మన పుస్తకాల్లో దీనికి పన్నెండు గంటల లెక్క చెప్తారు. పట్టడానికి పన్నెండు, ఉండటానికి పన్నెండు, పోవడానికి పన్నెండు. మన పుస్తకాలు అన్నాను కదా, ఒక మాట చెప్పాలి. దేశమంతా ఎంబీబీఎస్ స్టూడెంట్స్ ఫోరెన్సిక్ మెడిసిన్ కోసం చదివే పుస్తకాల్లో ఒకటి మన ఉస్మానియా మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేసిన డాక్టర్ కె.ఎస్. నారాయణ రెడ్డి గారిది. అందులో మన వాతావరణానికి తగ్గ లెక్కలుంటాయి. వేసవిలో ఈ పన్నెండు పన్నెండు అనేది బాగా తగ్గిపోతుంది, త్వరగా పట్టి త్వరగా వదిలేస్తుంది.

మాస్టారి విషయంలో ఈ మూడు గడియారాలూ అప్పటికే అయిపోయాయి. మిగిలింది నాలుగోది, అదే కుళ్లడం. అసలు మన టాపిక్ ఇదే.

కుళ్లడం అంటే బయటి నుంచి ఏదో వచ్చి పాడుచేయడం అనుకుంటాం. మొదట పని మొదలుపెట్టేది మన లోపలివే. కణాల్లోని ఎంజైములు కణాలనే కరిగిస్తాయి. తర్వాత మన పేగుల్లో బతికున్నన్నాళ్లూ మనకి సాయం చేసిన బ్యాక్టీరియా గోడలు దాటుకుని బయటికి వస్తాయి. అందుకే మొదటి గుర్తు పొట్ట మీద కుడివైపు కింద, లేత ఆకుపచ్చ మచ్చ. అక్కడే ఎందుకంటే పెద్దపేగు మొదలయ్యే భాగం చర్మానికి దగ్గరగా ఉండేది అక్కడే, అందులో బ్యాక్టీరియా కూడా ఎక్కువ. అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ రక్తంలోని హిమోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగు తెస్తుంది. మన వేసవిలో ఇది 12 నుంచి 18 గంటల్లో, చలికాలంలో ఒకటి రెండు రోజుల్లో కనిపిస్తుందని చెప్తారు. తర్వాత రక్తనాళాల వెంట చెట్టు కొమ్మల్లాంటి గీతలు, ఆ తర్వాత గ్యాస్‌తో ఉబ్బడం, చర్మం పొరలుగా ఊడటం. హుస్సేన్‌సాగర్‌లో శవం తేలింది అని వార్త చదువుతాం కదా, మునిగిన శరీరాన్ని పైకి తెచ్చేది ఈ గ్యాసే. నీళ్లు చల్లగా ఉంటే ఆలస్యం, వేడిగా ఉంటే తొందర.

దీనికి పాత డాక్టర్ల లెక్క ఒకటుంది, కాస్పర్ సూత్రం అంటారు. గాలిలో ఒక వారంలో జరిగేది నీళ్లలో రెండు వారాలు, మట్టిలో పాతిపెడితే ఎనిమిది వారాలు పడుతుందని. గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, కోర్టులో నిలబడటానికి మాత్రం సరిపోదు.

మరి కుళ్లడాన్ని కొలవడం ఎలా? ఇక్కడే మన హైదరాబాద్‌లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. 2019 డిసెంబర్. దిశ కేసు అందరికీ తెలుసు. డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీస్ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఆ ఎన్‌కౌంటర్ తప్పా ఒప్పా అనేది ఇవాళ్టి టాపిక్ కాదు, దాని మీద సుప్రీంకోర్టు కమిషన్ వేరే వేసింది. నేను చెప్పేది శరీరాల గురించి. మహబూబ్‌నగర్‌లో మొదటి పోస్టుమార్టం అయింది. విచారణ తేలేదాకా శరీరాలు భద్రపరచమని కోర్టు చెప్పడంతో వాటిని గాంధీ ఆసుపత్రికి తెచ్చారు. రోజులు గడిచాయి. డిసెంబర్ 21న గాంధీ సూపరింటెండెంట్ హైకోర్టులో ఒక మాట చెప్పారు. శరీరాలు ఇప్పటికే 50 శాతం కుళ్లిపోయాయి, ఇంకో వారం పది రోజుల్లో పూర్తిగా పాడైపోతాయి అని. దాంతో కోర్టు ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లతో రెండో పోస్టుమార్టం చేయించమంది. 23న అది పూర్తయింది, శరీరాలు కుటుంబాలకి ఇచ్చేశారు.

ఆ "50 శాతం" వార్త చదివినప్పుడు నాకు మాస్టారు గుర్తొచ్చారు. యాభై శాతం అంటే ఏంటి? ఫోన్ బ్యాటరీ లాగా ఎక్కడైనా కనిపిస్తుందా?

కనిపించదు. ఏ స్కేల్ మీదా అలాంటి శాతం ఉండదు. అది జడ్జికి అర్థమయ్యేలా ఒక అనుభవమున్న డాక్టర్ చెప్పిన అంచనా. "ఇంకా ఆలస్యం చేస్తే చూడటానికేమీ మిగలదు" అని చెప్పడానికి అంతకంటే సూటి మాట లేదు కూడా. గాయం బతికుండగా అయిందా, బుల్లెట్ ఎటునుంచి వెళ్లింది, ఇలాంటివి చూడాలంటే చర్మం, కండ మిగలాలి కదా. నిజం దొరకడానికి కూడా ఎక్స్‌పైరీ డేట్ ఉంటుందన్నమాట.

సైన్స్‌లో శాతం బదులు స్కోరు ఉంది. 2005లో అమెరికాలో మెగ్యేసీ అనే ఆమె, ఆమె తోటివాళ్లు 68 కేసుల ఫొటోలు, రికార్డులు చూసి ఒక పద్ధతి తయారుచేశారు. దాన్ని టోటల్ బాడీ స్కోర్ అంటారు. శరీరాన్ని మూడు భాగాలు చేస్తారు. తల, మెడకి 1 నుంచి 13 మార్కులు. నడుము పైభాగం, పొట్ట కలిపి మొండేనికి 1 నుంచి 12. కాళ్లు చేతులకి 1 నుంచి 10. అన్నీ కలిపితే తాజాగా ఉన్నప్పుడు 3, ఎండిన ఎముకలు మాత్రమే మిగిలితే 35. ఎక్కువ మార్కులు వస్తే ఎక్కువ పాడైనట్టు. మన ఎగ్జామ్‌కి రివర్స్.

రెండో ఐడియా ఇంకా ముఖ్యం. రోజులు లెక్కపెట్టకండి, వేడిని లెక్కపెట్టండి అన్నారు. దీన్ని డిగ్రీ-రోజులు అనుకుందాం. ఒక రోజు సగటు ఉష్ణోగ్రత 30 డిగ్రీలైతే ఆ రోజు ఖాతాలో 30 పడతాయి. రెండో రోజు 28 అయితే మొత్తం 58. ఇలా జమ అవుతూ పోతుంది. మన ఇడ్లీ పిండి చూడండి. మే నెలలో రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి పొంగి గిన్నె దాటుతుంది, డిసెంబర్‌లో మధ్యాహ్నమైనా కదలదు, ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులైనా అలాగే ఉంటుంది. పిండికి గంటలతో పనిలేదు, అందిన వేడితోనే పని. పోలిక కొంచెం అదోలా ఉందని తెలుసు, సారీ. కానీ రెండు చోట్లా పనిచేసేది బ్యాక్టీరియానే.

ఇప్పుడు లెక్క చేద్దాం, మాస్టారికి నచ్చేది. వాళ్ల ఫార్ములా ఏంటంటే, స్కోరుని వర్గం చేసి 0.002తో గుణించి 1.81 కలపాలి. వచ్చినదాన్ని 10కి ఘాతంగా వేయాలి. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. స్కోరు 10 అనుకోండి. వర్గం 100, గుణిస్తే 0.2, కలిపితే 2.01. పదికి 2.01 ఘాతం అంటే సుమారు 102 డిగ్రీ-రోజులు. హైదరాబాద్‌లో మే నెల సగటు 33 అనుకుంటే 102ని 33తో భాగించండి, మూడు రోజులు. డిసెంబర్ సగటు 22 అనుకుంటే నాలుగున్నర రోజులు దాటుతుంది. ఒకే శరీరం, ఒకే స్కోరు, నెల మారితే రోజున్నర తేడా.

యాభై శాతం సంగతి కూడా ఇందులో పెట్టి చూద్దాం. 35లో సగం సుమారు 17. ఫార్ములాలో వేస్తే 244 డిగ్రీ-రోజులు వస్తుంది. మన ఊరి ఏడాది సగటు 27 అనుకుంటే తొమ్మిది రోజులు. మరి పూర్తి 35 రావాలంటే? పద్దెనిమిది వేల పైచిలుకు డిగ్రీ-రోజులు. అంటే దాదాపు ఇరవై రెండు నెలలు! సగం దారి తొమ్మిది రోజుల్లో, మిగతా సగం ఇరవై నెలలు దాటి. కాబట్టి "సగం అయింది కాబట్టి ఇంకా అంతే టైమ్ ఉంది" అనే లెక్క ఇక్కడ చెల్లదు. అయితే కోర్టుకి కావాల్సింది ఎముకలు కాదు, చర్మం మీద గాయాలు. అవి పోయే స్పీడ్ మొదటి సగంలోనే. డాక్టర్ చెప్పిన వారం పది రోజుల తొందర అందుకే.

ఫ్రీజర్‌లో పెట్టారు కదా మరి ఎందుకు పాడయ్యాయి అని అడగొచ్చు. మార్చురీ పెట్టె 4 డిగ్రీల్లో ఉంటే రోజుకి ఖాతాలో 4 పడతాయి. పన్నెండు రోజులకి 48. అంటే బయట డిసెంబర్ వాతావరణంలో రెండు రోజులున్నట్టు. చలి ఆపదు, నెమ్మది చేస్తుంది. బాగా గడ్డకట్టే చలిలో అయితేనే దాదాపు ఆగుతుంది. పైగా ఒకసారి పోస్టుమార్టం చేసి తెరిచిన శరీరం మామూలుదాని కంటే త్వరగా పాడవుతుంది.

ఇప్పుడు ఈ ఫార్ములా గురించి ఎవరూ గట్టిగా చెప్పని విషయం. దాని పక్కనే చిన్నగా "ప్లస్ ఆర్ మైనస్ 388" అని ఉంటుంది. డిగ్రీ-రోజుల్లో. మన మే నెలలో 388 అంటే దాదాపు పన్నెండు రోజులు. మన ఆన్సర్ మూడు రోజులు, తేడా పన్నెండు రోజులు! కిలో ఉల్లిగడ్డలు తూచడానికి లారీల వేబ్రిడ్జి ఎక్కించినట్టు ఉంటుంది. తర్వాత గణాంకాల వాళ్లు ఈ సమీకరణంలో లోపాలు చూపించి సరిచేసిన వెర్షన్లు కూడా ఇచ్చారు. నా అభిప్రాయం అడిగితే, నెలల తరబడి బయట పడున్న కేసులకి ఇది పనికొస్తుంది, మాస్టారి లాంటి రెండు మూడు రోజుల కేసుకి కాదు. ఇంకోటి, ఆ 68 కేసులూ అమెరికావి. మన ఉక్కపోత, మన వానలు, మన ఈగలు అందులో లేవు.

ఈగలంటే గుర్తొచ్చింది. కిటికీ తెరిచి ఉంటే నీలం ఆకుపచ్చ మెరుపుండే ఈగలు మొదటి గంటల్లోనే వచ్చి గుడ్లు పెడతాయి. మన వేసవిలో గుడ్డు ఒక రోజులోపే పగులుతుంది, పురుగు నాలుగైదు రోజుల్లో ప్యూపా అవుతుంది, ఇంకో నాలుగైదు రోజుల్లో ఈగై ఎగిరిపోతుంది. పురుగు ఏ జాతిది, ఎంత పొడవుంది, ఏ దశలో ఉంది చూస్తే కనీసం ఇన్ని రోజులైంది అని చెప్పొచ్చు. "కనీసం" అనే మాట ముఖ్యం. రాత్రి చనిపోతే ఈగలు మామూలుగా తెల్లారాకే వస్తాయి. ఏసీ వేసి తలుపులు మూసిన గదిలోకి రోజుల తరబడి రాకపోవచ్చు. ఈ విద్య కొత్తది కూడా కాదు. 1247లో చైనాలో సోంగ్ సీ అనే న్యాయాధికారి రాసిన పుస్తకంలోనే ఉంది. ఊళ్లోవాళ్లందరి కొడవళ్లూ ఎండలో పెట్టిస్తే ఒక్క కొడవలి మీదే ఈగలు వాలాయట. కడిగేసినా రక్తం వాసన వాటికి తెలిసింది. ఆ కొడవలి ఓనర్ ఒప్పుకున్నాడు.

కంటి గుడ్డులో ఉండే జెల్లీ లాంటి ద్రవం ఇంకో గడియారం. మిగతా శరీరం కంటే అది ఆలస్యంగా పాడవుతుంది. చనిపోయాక అందులో పొటాషియం నెమ్మదిగా పెరుగుతుంది. 1963లో స్టర్నర్ ఇచ్చిన లెక్క ప్రకారం పొటాషియం విలువని 7.14తో గుణించి 39.1 తీసేస్తే గంటలు వస్తాయి. విలువ 10 వస్తే సుమారు 32 గంటలు. బాగుంది కదా? కానీ వేడికి ఇది కూడా స్పీడ్ పెంచుతుంది. మళ్లీ మన మే నెల దగ్గరే ఆగిపోయాం.

ఎక్స్‌పర్ట్స్‌కి కూడా ఎంత పెద్ద దెబ్బ తగులుతుందో ఒక ఉదాహరణ. 1977లో అమెరికాలోని టెన్నెసీలో ఒక పాత సమాధి తవ్వేసి ఉంది, పైన తల లేని శరీరం. కండ ఇంకా గులాబీ రంగులోనే ఉంది. విలియం బాస్ అనే పేరున్న ప్రొఫెసర్ చూసి ఏడాదిలోపే చనిపోయి ఉంటాడన్నాడు. చివరికి తేలిందేంటంటే అది 1864లో యుద్ధంలో చనిపోయిన కల్నల్ శరీరమే. మందులు పట్టించి, పోత ఇనుప పెట్టెలో మూసి పెట్టడంతో పాడవలేదు. లెక్క తప్పింది దాదాపు 113 ఏళ్లు! బాస్ దాన్ని దాచుకోలేదు. మనకి తెలిసింది ఎంత తక్కువో చూసుకుని, 1981లో యూనివర్సిటీ స్థలంలో దానంగా వచ్చిన శరీరాలని ఆరుబయట ఉంచి రోజురోజుకీ ఏమవుతుందో రాసుకోవడం మొదలుపెట్టాడు. జనం దాన్నే బాడీ ఫామ్ అంటారు.

ఇదంతా ఎవరికి అవసరం అంటే, ముందు జైలుకి వెళ్లబోయేవాడికి. మన కోర్టుల్లో "చివరిసారి కలిసి కనిపించారు" అనే వాదన ఉంటుంది. చనిపోయినవాడు చివరగా నీతో కనిపించాడు, కాబట్టి నువ్వే చెప్పాలి అని. అది నిలబడాలంటే కనిపించిన టైమ్‌కీ చనిపోయిన టైమ్‌కీ మధ్య ఇంకెవరూ దూరలేనంత తక్కువ గ్యాప్ ఉండాలి. ఇప్పుడు ఒక డాక్టర్ ధైర్యంగా "రాత్రి పదింటికే" అని రాసేస్తే? ఆ ఒక్క లైన్‌కి ఒకడి జీవితం పోతుంది. ఆస్తికి కూడా ఇది లింకే. యాక్సిడెంట్‌లో ఇద్దరు చనిపోయి ఎవరు ముందు పోయారో తేలకపోతే, వేరే రుజువు దొరికేదాకా చిన్నవాళ్లే తర్వాత పోయారని అనుకోవాలంటుంది 1956 హిందూ వారసత్వ చట్టం 21వ సెక్షన్. చట్టానికే తెలుసు, శరీరం అన్నిసార్లూ టైమ్ చెప్పదని.

ఇప్పుడు మాస్టారి దగ్గరికి వస్తాను. వాళ్ల కొడుకు గురువారం వచ్చాడు. ఏడవలేదు. నన్ను పక్కకి పిలిచి అడిగింది ఒక్కటే: "తమ్ముడూ, నాన్న ఏ రోజు పోయారు? తద్దినానికి తిథి కావాలి."

అప్పుడు మేమందరం కూర్చుని లెక్క చేశాం. శరీరం వదిలేసి బయటి గడియారాలు చూశాం. బిల్డింగ్ వాట్సాప్ గ్రూప్‌లో శనివారం రాత్రి 9:40కి మాస్టారు పంపిన గుడ్ నైట్ పువ్వుల బొమ్మ ఉంది. మేమెవరం దానికి రిప్లై ఇవ్వలేదు. ఆదివారం పొద్దున ఐదున్నరకి పాలబ్బాయి పెట్టిన ప్యాకెట్ తీయలేదు. ఆయన ఐదింటికే లేచే మనిషి. అంటే ఆ ఎనిమిది గంటల్లోనే. డాక్టర్ ఇచ్చిన ముప్పై ఆరు గంటల్లో ఇది చక్కగా కూర్చుంది. పంచనామాలో కానిస్టేబుల్ ఇంకోటి కూడా రాశాడు. కూలర్ ఆన్‌లోనే ఉంది, కానీ తొట్టిలో నీళ్లు అయిపోయి వేడిగాలి కొడుతోంది. అంటే మొదట కొంతసేపు గది చల్లగా, తర్వాత వేడిగా. టైమ్ చెప్పే డాక్టర్‌కి ఈ ఒక్క లైన్ ఎంత ముఖ్యమో నాకు అప్పుడు తెలియదు. ఏసీనా, కూలరా, ఫ్యానా, కిటికీ తెరిచుందా మూసుందా, ఇవి ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే డిగ్రీ-రోజుల లెక్క మొదలే కాదు. మీరెప్పుడైనా పంచనామాకి సంతకం పెట్టాల్సి వస్తే ఇవి రాశారా అని అడగండి. స్విచ్‌లు ఆపేయకముందే.

పంచాంగం తీస్తే ఆ శనివారం రాత్రి ఒంటిగంట దాటాక దశమి వెళ్లి ఏకాదశి వచ్చింది. తిథి మన క్యాలెండర్‌లా అర్ధరాత్రికి మారదు కదా. రాత్రి 9:40 నుంచి ఒంటిగంట వరకు దశమి, తర్వాత ఏకాదశి. ఆ రెండింట్లో ఏది అనేది పొటాషియం చెప్పలేదు, ఈగ చెప్పలేదు, హెన్స్గే చార్ట్ మొదటి రోజే చూసినా ఖాయంగా చెప్పలేకపోయేది. పంతులుగారు పెద్దగా ఆలోచించలేదు. "అనుమానంగా ఉంటే ఏకాదశినాడు పెట్టు నాయనా" అన్నారు. అలాగే పెడుతున్నాడు.

వెళ్లేముందు కొడుకు ఇంకోసారి అడిగాడు. "ఆ రాత్రి నాన్న రూమ్‌లో లైట్ ఏమైనా చూశావా?"

చూశాను. అమీర్‌పేట్‌లో టీ తాగి పన్నెండున్నరకి వస్తుంటే కిటికీలో లైట్ ఉంది, కూలర్ సౌండ్ వినిపిస్తోంది. జాబ్ గురించి అడుగుతారని చప్పుడు కాకుండా మెట్లెక్కేశాను. లైట్ ఉంది కాబట్టి అప్పటికి ఉన్నారు అని చెప్పేద్దామనుకున్నా. కానీ మంగళవారం తలుపు పగలగొట్టినప్పుడు కూడా ఆ లైట్ వెలుగుతూనే ఉంది.